బిడ్డ కావాలనుకునేవాళ్లకి కూడా అబార్షన్ నిషేధం వల్ల రిస్క్ ఉంటుందా?

వానచినుకు:

అందరికీ నమస్తే అండి. నాకిప్పుడు నాలుగో నెల, మొదటి కాన్పు. మా ఆయన ఉద్యోగం వల్ల ఇంకో దేశం వెళ్లాల్సి వచ్చేలా ఉంది, ఏ దేశమో ఇక్కడ చెప్పలేను గానీ అక్కడ అబార్షన్ మీద చట్టం చాలా గట్టిగా ఉందట, తల్లి ప్రాణం మీదకొస్తే తప్ప డాక్టర్లు చేయకూడదు, చేస్తే జైలు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచి మా వదిన కాన్పయ్యేదాకా కదలొద్దు అని ఒకటే పోరు. మా ఆయనకేమో ఇందులో లింకేంటో అర్థం కావట్లేదు, మనకి బిడ్డ కావాలి కదా, వద్దనుకునేవాళ్ల కోసం పెట్టిన రూల్ మనకెందుకు తగుల్తుంది, పైగా తల్లి ప్రాణానికి మినహాయింపు ఉందిగా అంటాడు. వింటుంటే ఆయన మాటా కరెక్టే అనిపిస్తోంది. మరి నిజంగా మామూలు ప్రెగ్నెన్సీల మీద, డెలివరీల మీద ఆ చట్టాల ప్రభావం ఉంటుందా, లేక ఊరికే భయపెట్టే వార్తలేనా? పార్టీల గొడవ వద్దండి, తెలిసినవాళ్లు విషయం చెప్పండి. రాత్రుళ్లు ఇదే ఆలోచన, నిద్ర పట్టట్లేదు.

నైట్‌డ్యూటీ:

నేను గైనిక్ డాక్టర్‌నండి. ముందు ఒక మాట, మీ ప్రెగ్నెన్సీ మామూలుగా సాగి మామూలుగా కాన్పయ్యే అవకాశమే చాలా ఎక్కువ, కాబట్టి నిద్ర మాత్రం పాడు చేసుకోకండి. కానీ మీ ఆయన అడిగినదానికి నా జవాబు, ప్రభావం ఉంటుంది, అదీ బిడ్డ కావాలనుకునేవాళ్ల మీదే గట్టిగా ఉంటుంది.

ఎందుకంటే అబార్షన్‌కి వేరే మందులు, గర్భం దానంతట అదే పోయినవాళ్లకి వేరే మందులు అని మా దగ్గర ఉండవు. కడుపు పోయి లోపల ముక్కలు మిగిలిపోతే చేసే క్లీనింగ్, బిడ్డ లోపలే చనిపోతే నొప్పులు రావడానికి పెట్టే బిళ్లలు, ముత్యాల గర్భం (బిడ్డ సరిగ్గా ఏర్పడకుండా నీటి బుడగల గుత్తిలా పెరిగేది) అయితే ఖాళీ చేయడం, అన్నీ అవే మందులు, అవే పద్ధతులు. తెలిసిన ప్రెగ్నెన్సీల్లోనే 100కి 10 నుంచి 20 దానంతటవే పోతాయి, అంటే ఇదేదో ఎక్కడో ఒకరికి వచ్చే సమస్య కాదు. ట్యూబ్‌లో గర్భం నిలవడం కూడా 100లో 1 నుంచి 2 దాకా ఉంటుంది. చాలా చట్టాల్లో ట్యూబ్ ప్రెగ్నెన్సీకి మినహాయింపు రాసే ఉంటుంది, అయినా పాత సిజేరియన్ కుట్టు దగ్గర గర్భం అతుక్కోవడం లాంటివి వచ్చినప్పుడు ఇది ఆ మినహాయింపులోకి వస్తుందా రాదా అని లాయర్‌కి ఫోన్ చేసి కనుక్కునే పరిస్థితి డాక్టర్లకి వస్తోంది. రక్తం పోతున్న మనిషిని పక్కన పడుకోబెట్టి లాయర్ ఫోన్ ఎత్తేదాకా ఎదురు చూడటం ఏంటండీ అసలు.

అన్నింటికన్నా కష్టం ఉమ్మనీరు ముందే పోయినప్పుడు. ఐదో నెల్లో, 22 వారాలు నిండకముందు ఉమ్మనీరు పోతే బిడ్డ దక్కే ఆశ చాలా తక్కువ, కానీ హార్ట్‌బీట్ మాత్రం వినిపిస్తూనే ఉంటుంది. ఇటు గర్భసంచి నోరు తెరుచుకుని ఇన్‌ఫెక్షన్‌కి దారి ఇచ్చేస్తుంది. మామూలుగా అయితే మేము తల్లికి రెండు దారులూ చెప్తాం. ఆగుతానంటే యాంటీబయాటిక్స్ ఇచ్చి కనిపెట్టుకుని ఉంటాం, అలా ఆగినవాళ్లలో కొద్దిమందికి బిడ్డ దక్కుతుంది కూడా, ఆ ఆశ పెట్టుకోవడం తప్పేం కాదు. లేదు ఇంక రిస్క్ వద్దు అంటే అప్పుడే నొప్పులు రప్పించి కాన్పు చేసేస్తాం. గట్టి నిషేధం ఉన్న చోట చాలాసార్లు ఈ రెండో దారి ఉండదు. ఆమెకి జ్వరం రావాలి, బిపి పడిపోవాలి, అప్పుడు గానీ ప్రాణం మీదకొచ్చింది అని రాయడానికి కాగితం మీద ఆధారం దొరకదు. సెప్సిస్, అంటే ఒళ్లంతా పాకే ఇన్‌ఫెక్షన్, అంత టైం ఇవ్వదండి. పొద్దున కూర్చుని మాట్లాడిన మనిషి సాయంత్రానికి ఐసియులో ఉండొచ్చు. బతికి బయటపడ్డా గర్భసంచి తీసేయాల్సి రావచ్చు, కిడ్నీలు దెబ్బతినొచ్చు, ట్యూబులు మూసుకుపోవచ్చు. బిడ్డ కోసమే ఆసుపత్రికి వచ్చిన ఆవిడకి ఇంకెప్పటికీ బిడ్డ లేకుండా చేసే పని ఇది, నాకు ఈ చట్టాల మీద కోపం అందుకే.

సూటిమాట:

డాక్టర్ గారూ మీరు చెప్పింది గౌరవిస్తాను, కానీ నాకు రెండు అనుమానాలు ఉన్నాయి. నేను అబార్షన్‌కి పెద్దగా అనుకూలం కాదు, కడుపులో ఉన్నది కూడా ప్రాణమే అని నమ్ముతాను, అది పక్కన పెట్టి లెక్క ప్రకారమే అడుగుతున్నా. అమెరికాలో 2022 జూన్‌లో అబార్షన్ రాజ్యాంగ హక్కు కాదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక చాలా రాష్ట్రాలు నిషేధం పెట్టాయి కదా, మరి ఆ దేశం మొత్తం మీద బాలింత మరణాలు ఆ తర్వాత తగ్గాయి, పెరగలేదు. 2021లో లక్ష కాన్పులకి 32.9 ఉన్నది 2022లో 22.3, 2023లో 18.6 అయింది. రిస్క్ అంత పెరిగితే ఇది ఎలా తగ్గింది? రెండోది, ఈ టాపిక్ ఎప్పుడొచ్చినా అందరూ ఐర్లండ్‌లో గర్భంతో ఉండగా చనిపోయిన సవిత హలప్పనవర్ గారి కేసు తీస్తారు, ఆ కేసులో ఆసుపత్రి నిర్లక్ష్యం ఉందని విచారణలోనే తేలింది. డాక్టర్లు చేసిన తప్పుని చట్టం మీద వేయడం న్యాయమేనా?

లెక్కలపుస్తకం:

@సూటిమాట మంచి ప్రశ్న, మీరిచ్చిన అంకెలు కూడా కరెక్టే. కానీ 2021 అంటే కోవిడ్ ఉధృతంగా ఉన్న ఏడాది, గర్భిణులు కోవిడ్‌తో చాలామంది పోయారు, అందుకే ఆ అంకె అంత పైకి వెళ్లింది. కోవిడ్‌కి ముందు 2019లో చూడండి, 20.1. అంటే పైకెక్కింది కోవిడ్ వల్ల, దిగింది కోవిడ్ తగ్గడం వల్ల. నిషేధం ఉన్న రాష్ట్రాలు, లేని రాష్ట్రాలు అన్నీ కలిపేసి ఒకటే అంకె చూస్తే దాంట్లో ఈ చట్టాల ప్రభావం ఇటూ కనిపించదు అటూ కనిపించదు.

ఇంకో సంగతి, బాగా డబ్బున్న దేశంలో చనిపోవడం అనేది ఆఖరి మెట్టు. దానికి ముందు ఐసియు, రక్తం ఎక్కించడం, గర్భసంచి తీసేయడం ఇవన్నీ ఉంటాయి, మరణాల లెక్కలో ఇవేవీ రావు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచే ఆరు వారాలు దాటితే అబార్షన్ కుదరదనే చట్టం వచ్చింది కదా, ఆ తర్వాత డాలస్‌లో రెండు పెద్ద ఆసుపత్రుల డాక్టర్లు 28 మంది కేసులు రాశారు, అందరికీ 22 వారాల లోపు ఉమ్మనీరు పోవడం లాంటి కాంప్లికేషన్లు. చట్టం వల్ల ఆగాల్సొచ్చింది, సగటున 9 రోజులు ఆగాక గానీ తల్లికి ప్రమాదం అని తేలలేదు. అలా ఆగినవాళ్లలో 57 శాతం మందికి సీరియస్ సమస్యలు వచ్చాయి, ఇలాంటి పరిస్థితిలోనే వేరే రాష్ట్రాల్లో వెంటనే కాన్పు చేయించుకున్నవాళ్లలో అది 33 శాతం. 28 మంది చిన్న గుంపే, ఒప్పుకుంటా, కానీ నైట్‌డ్యూటీ గారు చెప్పిందానికీ దీనికీ ఎక్కడా తేడా లేదు.

పిల్లల వైపు నుంచి చూసినా అంతే. 2021తో పోలిస్తే 2022లో టెక్సాస్‌లో ఏడాదిలోపు పిల్లల మరణాలు 12.9 శాతం పెరిగాయి, మిగతా అమెరికాలో 1.8 శాతమే. పుట్టుకతో వచ్చే లోపాల వల్ల పోయిన పిల్లల సంఖ్య అయితే అక్కడ 22.9 శాతం పెరిగింది. మీరన్నారు చూడండి కడుపులో ఉన్నదీ ప్రాణమే అని, ఆ ప్రాణాలైనా దక్కాయా అంటే ఈ అంకెలు చూస్తే నాకు అలా అనిపించడం లేదు. బతకదని ముందే తెలిసిన బిడ్డని తొమ్మిది నెలలు మోసి, కని, కొన్ని గంటలకే పోగొట్టుకున్న తల్లులు కూడా ఆ అంకెల్లో ఉన్నారు.

ఒక దేశం మొత్తం మీద ఎలా ఉంటుందో చూడాలంటే రుమేనియా ఉంది. 1966లో అక్కడి నియంత చౌసెస్కు డిక్రీ 770 అనే ఆదేశం తెచ్చి అబార్షన్ దాదాపు పూర్తిగా ఆపేశాడు, గర్భనిరోధక సాధనాలు కూడా దొరక్కుండా చేశాడు. మొదట్లో జననాలు ఎగిసిపడ్డాయి, తర్వాత ఆడవాళ్లు దొంగతనంగా చేయించుకోవడం మొదలైంది, జననాలు మళ్లీ తగ్గాయి గానీ చావులు పెరిగాయి. 1989 నాటికి లక్ష కాన్పులకి 170 దగ్గర బాలింత మరణాలు, ఆ రోజుల్లో యూరప్‌లో అంత ఘోరం ఇంకెక్కడా లేదు, వాటిలో ఎక్కువ శాతం నాటు అబార్షన్ల వల్లే. 1989 డిసెంబర్‌లో వాడి ప్రభుత్వం పడిపోయిన వెంటనే ఆ చట్టం తీసేశారు, ఒక్క ఏడాదిలో ఆ అంకె సగానికి పడిపోయింది. ఏడాదిలో కొత్త ఆసుపత్రులు కట్టలేదు, కొత్త డాక్టర్లు పుట్టుకురాలేదు, మారింది చట్టం ఒక్కటే.

సెక్షన్లు:

సవిత గారి సంగతి నేను చెప్తాను, నేను లాయర్‌ని. 2012 అక్టోబర్ 21న ఐర్లండ్‌లో గాల్వే ఆసుపత్రిలో చేరారు, 17 వారాల గర్భం, అది నిలవదని డాక్టర్లకి తెలుసు. ఉమ్మనీరు పోయింది. గర్భం తీసేయమని ఆవిడే అడిగారు, హార్ట్‌బీట్ ఉంది కాబట్టి కుదరదన్నారు. 28న సెప్సిస్‌తో పోయారు, 31 ఏళ్లు, ఆవిడే ఒక డెంటిస్ట్. @సూటిమాట గారన్నట్టు ఆవిడ్ని సరిగ్గా గమనించలేదని విచారణ తేల్చింది, అది నిజం. కానీ అదే రిపోర్టు ఇంకో మాట కూడా చెప్పింది, చట్టం ఎలా ఉందో చూసుకుని డాక్టర్లు హార్ట్‌బీట్ ఆగేదాకా చేయి పెట్టకుండా ఉండటం మీదే దృష్టంతా పెట్టారు, తల్లికి పెరుగుతున్న రిస్క్ మీద కాదు అని. రెండు తప్పులూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, విడదీయలేరు. ఐర్లండ్ ప్రజలు అర్థం చేసుకున్నారు కాబట్టే 2018 మేలో ఓటేసి 66.4 శాతంతో అబార్షన్‌కి అడ్డుగా ఉన్న రాజ్యాంగ సవరణ తీసేశారు. పోలండ్‌లో 2020 అక్టోబర్‌లో కోర్టు చట్టాన్ని ఇంకా బిగించింది, ఏడాది తిరక్కుండా ప్ష్చినా అనే ఊళ్లో 22 వారాల గర్భిణి ఉమ్మనీరు పోయి ఇలాగే సెప్సిస్‌తో చనిపోయింది, దేశమంతా రోడ్ల మీదకొచ్చారు.

@వానచినుకు గారూ మీ ఆయనకి అర్థం కావాల్సింది మినహాయింపు ఎలా రాశారు అన్నదే. తల్లి ప్రాణానికి మినహాయింపు అనేది వినడానికి బాగుంటుంది, కానీ ప్రాణానికి ఎంత ప్రమాదం ఉంటే సరిపోతుంది, నూటికి పదా, యాభైయా, ఇవాళ బాగుండి రేపు పోయేలా ఉంటే ఇవాళ చేయొచ్చా? ఇవేవీ చట్టంలో ఉండవు. టెక్సాస్‌లో తప్పని తేలితే డాక్టర్‌కి యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు పోతుంది. అలాంటప్పుడు ఏ మనిషైనా ఇంకాసేపు ఆగి చూద్దాం అనే అంటాడు. చివరికి ఆ రాష్ట్రమే 2025లో ఇంకో చట్టం చేసి, ప్రమాదం తలుపు దగ్గరికి వచ్చేదాకా ఆగక్కర్లేదు అని రాయాల్సొచ్చింది. అంతకుముందు ఆగుతున్నారు కాబట్టే కదా ఆ మాట రాయాల్సి రావడం.

మన ఇండియా చట్టంతో పోల్చి చూస్తే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1971 ఎంటిపి (గర్భవిచ్ఛిత్తి) చట్టంలో మినహాయింపు ప్రాణం దగ్గర ఆగదు, తల్లి శరీరానికైనా మనసుకైనా తీవ్రమైన హాని కలిగే రిస్క్ ఉన్నా వర్తిస్తుంది, 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టర్ సద్భావంతో ఇచ్చిన అభిప్రాయం చాలు. అదే సవరణతో కొన్ని వర్గాల వాళ్లకి ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో 24 వారాల దాకా వీలుంది. ప్రాణం కాపాడటానికి వెంటనే చేయాల్సి వస్తే వారాల పరిమితే లేదు. మన దగ్గర అంతా బాగుందని కాదు, లింగ నిర్ధారణ చట్టాన్నీ దీన్నీ కలిపేసుకుని భయపడే డాక్టర్లు, మెడికల్ షాపులవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఉమ్మనీరు పోయినావిడకి జ్వరం వచ్చేదాకా ఆగమని ఈ చట్టం ఏ డాక్టర్‌కీ చెప్పదు.

భయం పేషెంట్ల వైపు నుంచి కూడా ఉంటుంది, అది ఎవరూ మాట్లాడరు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌ దేశంలో 1998 నుంచి పూర్తి నిషేధం, అక్కడ కడుపు దానంతట అదే పోయి రక్తం కారుతూ ఆసుపత్రికి వచ్చిన ఆడవాళ్ల మీదే కేసులు పెట్టి ఏళ్ల తరబడి జైల్లో వేశారు. మాన్యువెలా అనే పేరుతో ఒక కేసు అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు దాకా వెళ్లింది, ఆవిడ జైల్లో ఉండగానే క్యాన్సర్‌తో పోయింది, 2021లో ఆ కోర్టు ఎల్ సాల్వడార్ ప్రభుత్వానిదే తప్పని తీర్పిచ్చింది. ఇలాంటివి విన్నాక ఏ ఆడమనిషి బ్లీడింగ్ మొదలవగానే ఆసుపత్రికి పరిగెత్తుతుంది చెప్పండి?

సూటిమాట:

కోవిడ్ ఏడాది సంగతి నేను ఆలోచించలేదు, అది ఒప్పుకోవాల్సిన పాయింటే. నా నమ్మకం అయితే మారలేదు, కానీ బిడ్డ ఎలాగూ బతకదని తెలిసినప్పుడు తల్లిని జ్వరం వచ్చేదాకా కూర్చోబెట్టడాన్ని నేను సమర్థించలేను. అలాంటి చోట చట్టం డాక్టర్‌కి వదిలేయాలి.

ఐదోనెలఅమ్మ:

ఇలాంటి చోట్ల ఎప్పుడూ రాయను, వానచినుకు గారి కోసం రాస్తున్నా. నాకు ఐదో నెల్లో ఉమ్మనీరు పోయింది. బాబు. పేరు కూడా అనుకున్నాం. డాక్టరమ్మ నా పక్కన కూర్చుని రెండు దారులూ చెప్పింది, ఏది ఎంచుకున్నా నీ తోడు ఉంటానంది, తొందర పెట్టలేదు. మేము ఒక రాత్రి ఏడ్చి, ఆలోచించుకుని, తీసేయమని చెప్పాం, అప్పటికే నాకు కాస్త చలిగా అనిపిస్తోందని చెప్తే రక్త పరీక్షలో ఇన్‌ఫెక్షన్ మొదలైందని వచ్చింది. ఆ తర్వాత నాకు పాప పుట్టింది, ఇప్పుడు బడికెళ్తోంది. ఆ రోజు హార్ట్‌బీట్ ఆగేదాకా ఉండు అని నన్ను ఇంటికి పంపించి ఉంటే నా పాప ఉండేది కాదు, బహుశా నేనూ ఉండేదాన్ని కాదు. నేను బాబుని వద్దనుకున్నానని ఎవరైనా అంటే మాత్రం తట్టుకోలేను, వాడు కావాలనే కదా మొక్కుకున్నాం. అబార్షన్ చేయించుకునేవాళ్లంటే బిడ్డ వద్దనుకునేవాళ్లే అనే ఆలోచన దయచేసి మానేయండి.

వానచినుకు:

ఐదోనెలఅమ్మ గారూ చదువుతూ ఏడ్చేశానండి, మీరు రాసినందుకు చాలా థాంక్స్. మా ఆయనతో మొత్తం చదివించాను, డాలస్ లెక్క దగ్గర ఆగిపోయాడు, ఇంక లింకేంటి అని అడగలేదు. కానీ ఉద్యోగం విషయం మా చేతిలో పూర్తిగా లేదు, వెళ్లాల్సి వస్తే నేను ఏం చూసుకోవాలి, డాక్టర్‌ని ఏం అడగాలి? నైట్‌డ్యూటీ గారూ వీలైతే చెప్పండి ప్లీజ్.

నైట్‌డ్యూటీ:

చెప్తానమ్మా. వీలుంటే కాన్పయ్యాక వెళ్లడం మేలు, మీ వదిన మాటే నా మాట. కుదరకపోతే, అక్కడ మొదటి అపాయింట్‌మెంట్‌లోనే మొహమాటం లేకుండా అడగండి, 22 వారాల లోపు నాకు ఉమ్మనీరు పోతే ఈ ఆసుపత్రిలో ఏం చేస్తారు, నేను ఆగనంటే మీరే చేస్తారా లేక ఇంకో చోటుకి పంపుతారా, ఎంత టైంలో పంపుతారు అని. డాక్టర్ సూటిగా చెప్తే మంచిది, మాట దాటేస్తే అదీ ఒక జవాబే. రెండోది దూరం. కఠినమైన చట్టాలున్న చోట్ల కాన్పుల డాక్టర్లు వెళ్లిపోవడం కూడా జరుగుతోంది, అమెరికాలో ఐడహో రాష్ట్రంలో శాండ్‌పాయింట్ అనే ఊళ్లో ఆసుపత్రి 2023లో కాన్పులే మానేసింది, కారణాల్లో ఈ చట్టాల వాతావరణం కూడా ఒకటని వాళ్లే చెప్పారు. అప్పుడు అబార్షన్‌తో ఏ సంబంధం లేని మామూలు గర్భిణి కూడా నొప్పులతో ఇంకో ఊరు పోవాల్సిందే. కాబట్టి మీ ఇంటికి దగ్గర్లో ఇరవై నాలుగ్గంటలూ డాక్టరు, మత్తు డాక్టరు, రక్తం ఉండే చోటు ఎక్కడుందో ముందే కనుక్కోండి.

మందుల సంగతి కూడా అడగండి. మిసోప్రోస్టాల్ అని ఒక బిళ్ల ఉంది, కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే వాడతాం, చాలా చవక, ఫ్రిజ్ కూడా అక్కర్లేదు. ప్రపంచం మొత్తం మీద బాలింతల్ని ఎక్కువగా చంపేది ఆ రక్తస్రావమే. అదే బిళ్ల అబార్షన్‌కి కూడా పనికొస్తుందని అమెరికాలోనే లూసియానా రాష్ట్రంలో 2024 అక్టోబర్ 1 నుంచి నియంత్రిత మందుల జాబితాలో పెట్టేశారు, దాంతో చేతికందేలా ట్రేలో ఉండాల్సింది తాళం వేసిన అలమరాలోకి పోయే పరిస్థితి వచ్చింది. రక్తం పోతున్నప్పుడు నిమిషాలే లెక్క. మీరు కాన్పు చేయించుకునే చోట రక్తస్రావానికి ఏ మందులు రెడీగా ఉంచుతారో అడగడం మీ హక్కు.

ఇంక మీ చేతిలో ఉన్నవి. నీళ్లలా కారినా, బ్లీడింగ్ అయినా, చలి జ్వరం, వాసన వచ్చే తెల్లబట్ట, గుండె దడ, కడుపు పట్టుకుంటే నొప్పి, వీటిలో ఏదొచ్చినా రేపు చూద్దాం అనుకోకుండా వెళ్లిపోండి, ఎప్పుడు మొదలైందో టైం రాసుకోండి. ఇంటికి పంపేస్తే టెంపరేచర్ చూసుకుంటూ ఉండండి, పెరిగితే మళ్లీ వెళ్లండి, ఎన్నిసార్లయినా సరే. స్కాన్‌లు, రిపోర్టులు అన్నీ ఫోన్‌లో పెట్టుకోండి, ఒక సెట్ మీ ఆయన దగ్గర. ఇరవయ్యో వారం దగ్గర బిడ్డలో లోపాలున్నాయేమో చూడటానికి చేసే అనామలీ స్కాన్ మాత్రం ఇక్కడే చేయించుకుని వెళ్లండి, ఏదైనా తేడా వస్తే ఆలోచించుకోవడానికి మీకు టైం ఉంటుంది. మీ బ్లడ్ గ్రూప్ ఏంటో చెప్పలేదు, నెగటివా?

వానచినుకు:

అవునండి, బి నెగటివ్. మా ఆయనది పాజిటివ్. స్కాన్‌కి ఇక్కడే డేట్ తీసుకుంటాను.

నైట్‌డ్యూటీ:

అయితే ఇండైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ (మీ రక్తంలో బిడ్డ రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారయ్యాయేమో చూసేది) అయిందో లేదో మీ ఫైల్‌లో చూడండి, అవి తయారుకాకుండా ఆపే యాంటీ డి ఇంజెక్షన్ 28 వారాలకి పడాలి. ఈ లోపు ఎప్పుడు బ్లీడింగ్ అయినా 72 గంటల్లోపు ఆ ఇంజెక్షన్ గురించి మీరే గుర్తు చేయండి, కొత్త చోట వాళ్లకి మీ గ్రూప్ తెలియకపోవచ్చు. రిపోర్టు చూసి ఏముందో ఇక్కడ రాయండి, నేను చూస్తాను.